కొత్త కెర్నెల్ వచ్చిందా? పాతది అప్పుడే తీసేయకండి

సికింద్రాబాద్: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్ ఇంట్లోనో దుకాణంలోనో ఉన్నవాళ్లు లైనక్స్ వైపు చూస్తున్నారు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి కంప్యూటర్ పట్టుకెళ్లే ముందు ఒక విషయం తెలుసుకుంటే మంచిది. లైనక్స్ అంతా ఒకటే కాదు.

రెడీమేడ్ వేరు, కుట్టించుకునేది వేరు

ఉబుంటు, డెబియన్ రెడీమేడ్ చొక్కా లాంటివి. ప్రోగ్రాంలు తయారై వస్తాయి, పెట్టుకుంటే చాలు. జెంటూ అలా కాదు. దర్జీకి గుడ్డ ఇచ్చి కొలతలు చెప్పినట్టు, సోర్స్ కోడ్ మన కంప్యూటర్‌లోనే కంపైల్ అవుతుంది. ఏ సదుపాయం కావాలో, ఏది వద్దో 'యూజ్ ఫ్లాగ్'లతో మనమే చెప్పాలి. ఈ పని చూసేది 'పోర్టేజ్' అనే ప్యాకేజీ మేనేజర్.

కెర్నెల్ సంగతి

హార్డ్‌వేర్‌కీ ప్రోగ్రాంలకీ మధ్య ఉండే అసలు భాగం కెర్నెల్. అది లేవకపోతే కంప్యూటరే లేవదు. జెంటూలో ఒక్కో కెర్నెల్ వెర్షన్‌కి ఒక్కో 'స్లాట్' ఉంటుంది. అందుకే కొత్తది వచ్చినా పాతది పక్కనే ఉంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. 'జెంటూ సోర్సెస్' అప్‌డేట్ చేస్తే కొత్త సోర్స్ కోడ్ మాత్రమే వస్తుంది. దాన్ని కంపైల్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, రీబూట్ చేసేదాకా నడిచేది పాత కెర్నెలే. ఇంత శ్రమ వద్దనుకుంటే, ముందే తయారైన 'జెంటూ కెర్నెల్ బిన్' ఉంది. 2023 డిసెంబర్ నుంచి మిగతా ప్రోగ్రాంలు కూడా చాలావరకు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. పాత ప్రాసెసర్‌పై గంటలకొద్దీ కంపైల్ చేయలేని వాళ్లకి ఇది పెద్ద ఊరట.

ఏ వెర్షన్ మంచిది?

కొత్త వెర్షన్ రాగానే 'టెస్టింగ్'లో ఉంటుంది. సాధారణంగా 30 రోజులు పెద్ద లోపాలు బయటపడకపోతే 'స్టేబుల్' చేస్తారు. బిల్లింగ్, జీఎస్టీ లెక్కలు నడిచే మెషిన్ అయితే స్టేబుల్ దాటి వెళ్లొద్దు. కెర్నెల్‌లో కూడా 6.12 లాంటి లాంగ్ టర్మ్ వెర్షన్ పెట్టుకుంటే, ఏళ్ల తరబడి భద్రతా సవరణలు అందుతాయి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* కొత్త కెర్నెల్‌తో బూట్ చేసి వైఫై, సౌండ్, ప్రింటర్ చూసుకోండి.
* ఎన్విడియా లాంటి విడి డ్రైవర్లుంటే కొత్త కెర్నెల్‌కి మళ్లీ కంపైల్ చేయాలి.
* అన్నీ బాగున్నాకే 'డిప్‌క్లీన్' నడపండి. అది పాత కెర్నెల్ ప్యాకేజీలను తీసేస్తుంది.
* ఏదైనా తేడా వస్తే బూట్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకోండి. పని ఆగదు.

ఒక్క కంప్యూటర్‌పైనే దుకాణం నడిచేవాళ్లకి జెంటూ మొదటి ఎంపిక కాదు. నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న విద్యార్థికి మాత్రం, పారేద్దామనుకున్న పాత మెషినే మంచి బడి అవుతుంది.