కళ్ళు ఎర్రబడితే అన్నీ కళ్ళకలకలేనా?

తొలకరి పడి, బడులు తెరిచి నెల తిరిగేసరికి నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కళ్ళకలక మొదలవుతుంది. హాస్టల్లో ఒక పిల్లవాడికి వస్తే వారం తిరగకుండా పది మందికి అంటుకుంటుంది. 2023 వానాకాలంలో తెలంగాణలో ఇది ఎంతగా వ్యాపించిందో మీకు గుర్తుండే ఉంటుంది.

కళ్ళు ఎర్రబడగానే చాలామంది మందుల షాపుకు వెళ్ళి చుక్కల మందు తెచ్చుకుంటారు. ఇది మంచిది కాదు. ఎందుకంటే ఎరుపు ఒకటే అయినా కారణాలు వేరు. బాక్టీరియా కావచ్చు, అలర్జీ కావచ్చు, వైరస్ కావచ్చు. వైరస్‌లలో తరచుగా కనిపించేది అడినోవైరస్. 1953లో అమెరికాలో డాక్టర్ వాలెస్ రో బృందం పిల్లల అడినాయిడ్ కణజాలంలో దీన్ని కనుక్కొన్నది. ఆ పేరు అలా వచ్చిందే.

మరి ఇంత సూక్ష్మమైన వైరస్‌ను లాబొరేటరీలో ఎలా గుర్తుపడతారు? దానికి యాంటీబాడీలు ఉపయోగపడతాయి. రోగక్రిములను ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసుకొనే పదార్థాలివి. ఒక తాళానికి ఒకే చెవి పట్టినట్లు, ఒక్కొక్క యాంటీబాడీ తనకు సరిపడే పదార్థానికే అతుక్కుంటుంది. అడినోవైరస్ పై తొడుగులో హెక్సాన్ అనే ప్రోటీను ఉంటుంది. అందులో కొంతభాగం ఈ వైరస్ రకాలన్నిటిలోనూ ఒకేలా ఉంటుంది. ఆ భాగాన్ని పట్టే యాంటీబాడీకి మెరిసే రంగు జోడించి, కంటినుంచి తీసిన కణాలపై వేసి కడుగుతారు. వైరస్ ఉన్న కణాలు ప్రత్యేక మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా మెరుస్తాయి. ఒకే రకం యాంటీబాడీలను కావలసినంత తయారు చేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టారు. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

ఈ పరీక్ష మీకు అవసరమా? సాధారణంగా అక్కరలేదు. కాని అది చెప్పే నీతి మీకు అవసరం: కారణం తెలియకుండా మందు వేయకూడదు. అడినోవైరస్‌పై యాంటీబయాటిక్ చుక్కలు పనిచేయవు. రెండు, మూడు వారాల్లో అదే తగ్గుతుంది. వరికోతల్లో ఆకు గీసుకొని కన్ను ఎర్రబడితే అది కళ్ళకలక కాదు, నల్లగుడ్డు మీద బూజు జాతి క్రిమి చేరి పుండు పడవచ్చు. అలాంటి కంట్లో స్టెరాయిడ్ చుక్కలు వేస్తే చూపే పోవచ్చు. చనుబాలు, ఆకు పసర్లు కూడా వేయకండి.

కళ్ళకలక చూసినంత మాత్రాన అంటదు. చేతులు, తువాళ్ళు, దిండ్ల ద్వారా అంటుతుంది. సబ్బుతో తరచు చేతులు కడుక్కోండి. ఈ వైరస్‌పై సబ్బు, నీళ్ళంత నమ్మకంగా శానిటైజర్ పనిచేయదు. తువాలు ఎవరిది వారే వాడుకోవాలి.

చూపు మసకబారినా, నొప్పి ఎక్కువైనా, వెలుతురు చూడలేకపోయినా, పసికందుకు కళ్ళు ఎర్రబడినా ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. జిల్లా కేంద్రం దాకా బస్సు ఛార్జీ దండగ అనుకోకండి. పోయిన చూపు ఏ చుక్కల మందుతోనూ తిరిగి రాదు.