పెంటదిబ్బ అరిగించుకొనలేని చెత్త

పల్నాటి పల్లెలలో ఇంటింటికి ఒక పెంటదిబ్బ ఉండుట పూర్వాచారము. గొడ్ల పేడ, పశువులు మేయగా మిగిలిన చొప్పదంట్లు, పొయ్యి బూడిద, వాకిట ఊడ్చిన కసువు, కూరగాయల తొక్కలు, ఒకటేమి, ఇంట మిగిలిన ప్రతి వస్తువును ఆ దిబ్బకే చేరెడిది. వేసవిలో, తొలకరికి ముందుగా, దానిని బండ్ల కెత్తి చేలకు తోలెడివారు. పెంట తోలిన చేనికిని తోలని చేనికిని గల భేదము పైరును చూడగనే తెలియును గనుక దిబ్బను ఎవరును చెత్తగా ఎంచలేదు. లేనివారు బండి లెక్కన వెల కట్టి కొనెడివారు. చెత్తను తీసికొనిపోయి ఊరి అంచున కుప్ప పోయుట అను అలవాటు ఇట్లు ఏర్పడినది. అది మంచి అలవాటే. ఆ కాలమున ఇంటి నుండి వెలువడిన వానిలో మట్టిలో కలియనిది దాదాపు లేదు. పగిలిన కుండపెంకు కూడ మట్టియే కదా!

మారినది అలవాటు కాదు, వస్తువు. నేడు అదే చేటతో, అదే తావునకు, పాలసంచులు, షాంపూ పొట్లములు, నీళ్ళ సీసాలు, విందు భోజనముల ప్లాస్టిక్కు గ్లాసులు పోవుచున్నవి. దిబ్బ నిండినచో డొంక ప్రక్కన, డొంక నిండినచో చెరువుగట్టున, అదియు చాలకున్న కాలువలో. పల్లెటూరివారికి శుభ్రత తెలియదని తేలికగా అనువారు కలరు. ఆ మాట నాకు సమ్మతము కాదు. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లనిదే ఇల్లాలు పొయ్యి వెలిగించని ఊళ్ళివి. పైగా, పట్టణములలో కూల్చిన గోడల శిథిలములు, కోడిమాంసపు అంగళ్ళ వ్యర్థములు చీకటి మాటున ట్రాక్టర్లపై వచ్చి పడునది ఈ పల్లెల పొలిమేరలందే.

పాలిథీను దిబ్బలో చేరినప్పుడు జరుగు పని చూడుడు. ఆ పొరలు గాలిని, తేమను ఆపివేయును. వాని క్రింద నున్న పేడ చివుకదు. చివుకని ఎరువును చేనికి తోలినచో సంచిముక్కలు సాళ్ళలో పరచుకొని వేరును, వాన నీటిని అడ్డగించును. దిబ్బపై మేతకు పోయిన ఆవు అన్నము మిగిలిన సంచిని అన్నముతో పాటు మ్రింగును. అది మొదటి పొట్టలో చిక్కుకొని ముందుకు పోదు, వెనుకకు రాదు. పొట్ట నిండియుండగనే ఆ పశువు మేత తినలేక చిక్కి చచ్చును. పోనీ, నిప్పు పెట్టుదమా యన్నచో, బయటి మంటకు కొలిమి వేడి యుండదు. సగము కాలిన ప్లాస్టిక్కు నుండి, ముఖ్యముగా క్లోరిన్ గల రకముల నుండి, డయాక్సిను లను విషములు పుట్టి పొగతో ఊరిమీదికే వచ్చును.

ఏ సీమలోనైనను ఇది చేటే. పల్నాటికి మరియొక చిక్కు కలదు. ఈ నేల అడుగున నున్నది చాలవరకు సున్నపురాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల, దాచేపల్లి నాపరాళ్ళకు, సిమెంటు కర్మాగారములకు మూలము ఆ రాయియే. వాననీరు యుగయుగములుగా దానిని కొద్దికొద్దిగా కరగించి పగుళ్ళను వెడల్పు చేయును. గుత్తికొండ బిలము చూచినవారికి ఆ నీటి శక్తి ఎట్టిదో చెప్పనక్కర లేదు. ఇసుకనేలలో ఇంకిన నీరు కొంత వడకట్టబడి దిగును. రాతి పగుళ్ళలో ఆ వడపోత స్వల్పము. కనుక తవ్వి వదలిన రాతిగుంట కనబడినదని అందు చెత్త పోసినచో, దాని కషాయము ఏ బావిలోనికో, బోరులోనికో తిన్నగా పోవచ్చును. నాపరాళ్ళకు మెరుగు పెట్టగా వచ్చు తెల్లని బురద సంగతియు ఇట్టిదే. తడిగా నున్నప్పుడు అది నేల రంధ్రములను మూసివేయును. ఎండినప్పుడు పొడియై బాటసారి ఊపిరితిత్తులలోనికి పోవును.

ఇక కాలువలు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిరి. 203 కిలోమీటర్ల పొడవుగల కుడికాలువ పల్నాటి మెట్టకు పంటనే గాక త్రాగునీటిని కూడ ఇచ్చినది. ఎన్నో ఊళ్ళలో వేసవి చెరువులు నిండునది ఆ నీటితోనే. మిరప, ప్రత్తి పండించు ఈ ప్రాంతములో రైతులు పురుగుమందులు మెండుగా వాడుదురు. మందు కలుపుటకు నీరు కావలెను గనుక రైతు కాలువ ఒడ్డుననో, పిల్లకాలువ చెంతనో ఆగును. పని ముగిసినపుడు ఖాళీ డబ్బా అచటనే ఉండిపోవును. నా దృష్టిలో పల్నాటి చెత్త అంతటిలోను మొదట పట్టించుకొనవలసినది ఈ డబ్బాయే. ఖాళీ యనుకొన్న డబ్బా అడుగున, గోడలకు అంటుకొని, మందు మిగిలియే యుండును. దానిలో కిరసనాయిలో, మంచినీళ్ళో పోసికొను ఇండ్లును లేకపోలేదు.

చేయవలసిన పని కష్టమైనది కాదు. డబ్బాలో పావువంతు నీరు పోసి, మూత బిగించి, బాగుగా కుదిపి, ఆ కడుగును పిచికారి పంపులోనే పోయవలెను. ఇట్లు మూడు మారులు. పిమ్మట మరల ఎవరును వాడకుండ మేకుతో అడుగున చిల్లులు పొడువవలెను. కడిగిన నీరు పంపులోనికే పోవును గనుక వెల పెట్టి కొన్న మందులో ఒక బొట్టును వ్యర్థము కాదు. 1971 నాటి కీటకనాశినుల నియమములు ఖాళీ డబ్బాలను బయట పడవేయరాదనియు, పగులగొట్టి నివాసములకు దూరముగా పూడ్చవలెననియు చెప్పినవి. సున్నపురాతి నేలలో పూడ్చుట కంటె, అమ్మిన దుకాణమే తిరిగి తీసికొను ఏర్పాటు మేలని నా అభిప్రాయము.

తిరిగి తీసికొనుట మనకు క్రొత్త కాదు. గోలీసోడా సీసాను చేలో పారవేసినవానిని ఎవరైనను చూచితిరా? సీసా అంగడివానిది, త్రాగినవాడు అచటనే ఇచ్చి పోవలెను. నీలగిరి జిల్లాలో సారా సీసాలు అడవులలో పగిలి ఏనుగుల పాదములకు గ్రుచ్చుకొనుచుండగా, మద్రాసు హైకోర్టు జోక్యముతో 2022 మే నెలలో సీసాకు పది రూపాయలు అదనముగా తీసికొని, ఖాళీసీసా తెచ్చినవారికి తిరిగి ఇచ్చు పద్ధతి పెట్టిరి. సీసాలలో అత్యధిక భాగము వెనుకకు వచ్చినవి. ఒకడు పారవేసినను వేరొకడు ఏరుకొని పది రూపాయలు తెచ్చుకొనును. మన కాలిబాటల గాజుపెంకులు గ్రుచ్చుకొనునది చెప్పులు లేక కలుపుకు పోవు కూలీలకు. శివరాత్రికి కోటప్పకొండలో, కార్తికమున కారెంపూడి వీరుల ఉత్సవములో నీళ్ళ సీసాలకైనను ఈ పద్ధతి పరీక్షించి చూడదగును.

ఇంటిలో చేయవలసినది ఒకటే: చివుకునది ఒక బుట్ట, చివుకనిది ఒక బుట్ట. మొదటిది పాతదారినే దిబ్బకు పోవచ్చును. గడచిన దశాబ్దములో మన పంచాయతీలలో కట్టిన ‘చెత్త నుండి సంపద’ షెడ్లు వానపాముల ఎరువు చేయుటకే ఏర్పడినవి. పలుచోట్ల షెడ్డు కలదు, ఎరువు లేదు. కారణము, కలగలిసిన చెత్తలో వానపాము బ్రదుకదు. రెండవ బుట్టలోనిదానిని సేకరించు బాధ్యతను 2016 నాటి ప్లాస్టిక్కు వ్యర్థముల నియమములు గ్రామపంచాయతీలపైన ఉంచినవి. చెరువులోనో, ఊరి బావిలోనో చెత్త పోసి నీటిని చెరచినవానికి భారతీయ న్యాయసంహితలోని 279వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు ఖైదుగాని, ఐదువేల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఐతే తీసికొనిపోవు బండి రాని ఊరిలో శిక్ష మాట ఎత్తుట నాకు న్యాయముగా తోచదు.

బండి వచ్చినను, పిమ్మట ఎచటికి? 2022లో కొండవీటి చెంత ప్రారంభమైన విద్యుత్కేంద్రము నగరముల చెత్త కొరకు పెట్టినది. మరల వాడుటకు పనికిరాని ప్లాస్టిక్కును సిమెంటు కొలుములలో బొగ్గుతో పాటు మండింపవచ్చును; అచటి వేడి 1400 డిగ్రీలకు పైబడి యుండును గనుక బయటి మంటలోవలె విషములు మిగులవు. సిమెంటు కొలుములు పల్నాటికి పొరుగుననే కలవు. చిక్కు రవాణాలో నున్నది. విడి పాలిథీను ట్రాక్టరు నిండ ఎత్తినను తూకమునకు రాదు, డీజిలు ఖర్చైనను గిట్టదు. మండలమున కొకచోట అదిమి కట్టలు కట్టు యంత్ర ముండి, పది పదునైదు పంచాయతీలు వంతులవారీగా అచటికి తోలుకొనినచో లారీ బరువు సమకూరును.