అత్తయ్యగారి షుగరు మిషనూ, అమ్మాయి జ్వరమూ

మా అత్తయ్యగారు రోజూ పొద్దున్నే వేలు పొడుచుకుని షుగరు చూసుకుంటారు. కాఫీ కలిపే లోపు అంకె పడిపోతుంది. కిందటేడు వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజున మా అమ్మాయికి జ్వరం వచ్చింది. మంచం పక్కన కూర్చుని ఆవిడ అడిగారు. "ఇంతుంది లేదు గానీ నా షుగరెంతో టక్కున చెప్పేస్తోంది. పిల్లదాని జ్వరం ఏవిటో చెప్పే మిషను లేదుటే?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. పక్కింటావిడ చెప్పిందని రెండో రోజే వైడాల్ పరీక్ష చేయించేశాం. టైఫాయిడ్ అన్నట్టు వచ్చింది. డాక్టరుగారిని అడక్కుండానే యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. ఒళ్లు నొప్పులంటే ఇంట్లో ఉన్న నొప్పుల బిళ్ల కూడా వేయబోయాను. నాలుగో రోజున తెలిసింది, అది డెంగీ అని. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. డెంగీలో ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటి బిళ్లలు రక్తస్రావం ముప్పు పెంచుతాయి. తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ.

పిల్ల తేరుకున్నాక అత్తయ్యగారి ప్రశ్నకి జవాబు వెతికాను.

షుగరు స్ట్రిప్ మీద ఒక ఎంజైము పూత ఉంటుంది. అది రక్తంలోని గ్లూకోజుతో కలిసినప్పుడు పుట్టే సన్నటి కరెంటుని మిషను కొలుస్తుంది. చక్కెర ఎక్కువైతే కరెంటూ ఎక్కువే. 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ చెప్పిన ఉపాయమిది. దీన్నే బయోసెన్సర్ అంటారు.

ఎంజైముకి బదులు ఫలానా క్రిమినే పట్టుకునే యాంటీబాడీనో, డీఎన్ఏ పోగునో అంటిస్తే? క్రిమి అతుక్కోగానే కరెంటు నడక మారాలి. హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులు ఈ దారిలోనే వెళ్లారు. డెంగీ నాలుగు రకాలకీ ఉమ్మడిగా ఉండే జన్యుభాగాన్ని అత్యంత స్వల్ప మోతాదులో కూడా పసిగట్టే సెన్సర్ గురించి 2017లో ప్రచురించారు. మాంగనీస్ ఆక్సైడ్ నానో పోగులతో చేశారు దాన్ని.

మరి మనింటికి ఎందుకు రాలేదు? రక్తంలో చక్కెర బోలెడుంటుంది. టైఫాయిడ్ క్రిములో? మిల్లీలీటరు రక్తంలో తరచు ఒక్కటో, అంతకన్నా తక్కువో! వేలి చుక్కలో దొరికేదెలా? పైగా రక్తంలోని ప్రొటీన్లు సెన్సర్ని కప్పేస్తాయి, పులసకి వేసిన వలకి నాచూ తుక్కూ చుట్టుకున్నట్టు. అందుకే ల్యాబులో రక్తాన్ని సీసాలో ఉంచి క్రిముల్ని పెంచుతారు. మనం పాలకి తోడు వేసి పెరుగు కోసం ఆగినట్టే. కాకపోతే అక్కడ రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దీన్నే బ్లడ్ కల్చర్ అంటారు. యాంటీబయాటిక్ వేయకముందే రక్తం తీయించాలి, లేకపోతే క్రిమి దొరక్కపోవచ్చు.

ఆ మిషను మనింటికొచ్చే లోపు మన చేతిలో ఉన్నది తేదీ. డెంగీ ఎన్ఎస్1 పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో బాగా పనికొస్తుంది. ఐజీఎం పరీక్ష ఐదో రోజు దాటాక. వైడాల్ మొదటి వారంలో టైఫాయిడ్ ఉన్నా లేదనవచ్చు, పాత జ్వరం గుర్తుల వల్ల లేకపోయినా ఉందనవచ్చు. ఏ పరీక్ష ఎప్పుడో డాక్టరుగారు చెప్పాలంటే, జ్వరం ఏ రోజు మొదలైందో మనం చెప్పగలగాలి.

ఇంకో మాట. డెంగీలో జ్వరం దిగగానే హమ్మయ్య అనుకోకండి. అసలు జాగ్రత్త అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క పక్కనే జ్వరం లెక్క కూడా రాస్తున్నాను. మొన్న మా మరిది కొడుకు ఒళ్లు వెచ్చబడితే, అందరికంటే ముందు అత్తయ్యగారే అన్నారు: "మందుబిళ్ల తర్వాత, ముందు తేదీ రాయవే!"