‘టక్’ మన్నది ఎముక కాదు!

మెడ పట్టేస్తే మనవాళ్లలో చాలామందికి డాక్టరు కంటే ముందు గుర్తొచ్చేది సెలూన్. క్షవరం అయ్యాక తల మీద నాలుగు దెబ్బలు వేసి, గడ్డం పట్టుకుని అటో విరుపు, ఇటో విరుపు. ‘టక్’ మంటుంది. ‘హమ్మయ్య, నరం సర్దుకుంది’ అనుకుంటూ లేస్తాం. ఈమధ్య ఫోన్ తెరిస్తే నడుం విరిచే వీడియోలు కూడా తెగ కనిపిస్తున్నాయి. ఇంతకీ ఆ చప్పుడు దేనిది? ఎముకదా, నరానిదా?

నేను అమెరికాలో ఓ కైరోప్రాక్టిక్ కాలేజీలో మొదటి ఏడాది విద్యార్థులకి ఫిజియాలజీ చెబుతాను. అంటే శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం. ఎప్పుడెప్పుడు వెన్ను మీద చెయ్యేద్దామా అని పిల్లలకి తొందర. ముందు చెయ్యి కింద ఏముందో తెలుసుకోండి అంటాన్నేను.

చెవితో మొదలైన వైద్యం

కైరోప్రాక్టిక్ అంటే గ్రీకులో ‘చేత్తో చేసేది’ అని అర్థం. 1895లో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. హార్వీ లిల్లార్డ్ అనే పనివాడికి చెవి సరిగా వినపడదు. అతని వీపులో ఓ పూస పక్కకి జరిగిందనీ, దాన్ని నొక్కితే వినికిడి వచ్చిందనీ పామర్ చెప్పుకున్నాడు.

ఈ కథ చెప్పి పిల్లల్ని ఓ ప్రశ్న అడుగుతాను: ‘వినికిడి నరం వీపులోంచి వెళ్తుందా?’ వెళ్లదు. లోపలి చెవి నుంచి పుర్రె లోపలే మెదడుకి చేరుతుంది. సొంత వృత్తి పుట్టుక కథనైనా సరే శరీరంతో సరిచూసుకోవాలి. అది మొదటి పాఠం.

గోలీసోడా లెక్క

దిష్టి తీసి అమ్మమ్మ మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ, మెడ విరిస్తే వచ్చేదీ ఒకే రకం చప్పుడు. కీలు లోపల గుడ్డు తెల్లసొనలా జారే ద్రవం ఉంటుంది. అందులో గ్యాస్ కరిగి ఉంటుంది. కీలుని గభాల్న లాగితే లోపల ఒత్తిడి పడిపోయి గ్యాస్ బుడగ కడుతుంది. గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు వచ్చినట్టే. 2015లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీవాళ్లు మెటికలు విరుస్తుండగా ఎంఆర్‌ఐ తీసి, చప్పుడూ ఖాళీ ఏర్పడటమూ ఒకేసారి జరగడం చూపించారు. ఆ గ్యాస్ మళ్లీ కరగాలి కాబట్టే ఓసారి విరిచిన మెటిక వెంటనే పలకదు, ఇరవై నిమిషాలో ఎంతో పడుతుంది.

అంటే ‘టక్’ మన్నంత మాత్రాన జరిగిన ఎముక గూట్లో పడినట్టు కాదు. ఏ జబ్బూ లేని వేలు కూడా అలాగే పలుకుతుందిగా!

మరి హాయి ఎందుకు?

హాయి మాత్రం నిజమే. కీళ్లలో, కండరాల్లో సాగుడు కనిపెట్టే నరాల కొసలుంటాయి. అవి ఒక్కసారిగా కదిలితే బిగుసుకున్న కండరం కాసేపు వదులవుతుంది. పైగా ఆ కదలిక కబురు వెన్నుపాములో నొప్పి కబురుకి అడ్డుపడుతుంది. దెబ్బ తగిలినచోట రుద్దితే తగ్గినట్టుండేది అందుకే. నడుంనొప్పికి ఈ చికిత్స కొంత పనిచేస్తుంది. వ్యాయామం కంటే గొప్పగా అయితే కాదు. షుగరు, ఆస్తమా కూడా తగ్గిస్తామంటే మాత్రం నమ్మకండి.

మెడతో జాగ్రత్త

సెలవులకి వచ్చినప్పుడల్లా మా నాన్నగారితో నాకిదే గొడవ. ‘ముప్పై ఏళ్లుగా విరిపించుకుంటున్నా, ఏమైందమ్మా నాకు?’ అంటారు. ఓసారి మెడపూస బొమ్మ చూపించాను. మెడలో ఏడు పూసలు. ఒక్కోదానికి అటూ ఇటూ చిన్న కన్నాలు. ఆరో పూస నుంచి మొదటిదాకా ఆ కన్నాల గుండానే రెండు ధమనులు మెదడుకి వెళ్తాయి. మెడని గభాల్న తిప్పితే ఎప్పుడైనా ఆ ధమని లోపలి పొర చీరుకోవచ్చు. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరితే పక్షవాతమే. ఇది అరుదు. కానీ ఓ ‘టక్’ కోసం ఆ మాత్రం రిస్కు కూడా ఎందుకు? నాన్నగారు బొమ్మ చాలాసేపు చూసి, ‘ఇంత సన్న సందులోంచా!’ అన్నారు. ఆ నెల నుంచి ఒట్టి క్షవరమే.

మెడ విరిపించుకున్న కొద్ది గంటల్లోగానీ రోజుల్లోగానీ ఎప్పుడూ లేనంత మెడనొప్పి, తలనొప్పి, తల తిరగడం, రెండుగా కనిపించడం, మాట తడబడటం, నడక తూలడం వస్తే ‘పడుకుంటే తగ్గుతుందిలే’ అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. మెడ విరిపించుకున్న సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, చేతులు కాళ్లు తిమ్మిర్లెక్కేవాళ్లు మెడ విరిపించుకోనే కూడదు. మామూలుగా పట్టేసిన మెడ చాలావరకు కొద్దిరోజుల్లో తనంతట తనే వదులుతుంది. వేడి కాపడం పెట్టండి, మెడని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. తగ్గకపోతే డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి. ఈసారి సెలూన్లో గడ్డం మీద చెయ్యి పడితే, ‘మెడ వద్దన్నా’ అని ముందే చెప్పేయండి.