అవతలివాడు చెప్పిన లెక్క నమ్మొద్దు: సీలో బైట్ బఫర్లు

పోయిన ఎపిసోడ్‌లో సాకెట్ తెరవడం చూశాం కదా, ఈరోజు అందులోంచి వచ్చే డేటాని పెట్టుకునే చోటు, అంటే బైట్ బఫర్ గురించి మాట్లాడతాను. సీలో బఫర్ అంటే మెమరీలో వరుసగా ఉన్న కొన్ని బైట్లు, అంతే. తనలో ఎంత పడుతుందో, ఇప్పుడు ఎంత నిండిందో దానికి తెలియదు. ఆ రెండు లెక్కలూ మనమే రాసుకోవాలి.

రిసీవ్ ఫంక్షన్‌కి 4096 బైట్ల బఫర్ ఇచ్చారనుకోండి. నిజంగా వచ్చినవి 37 బైట్లే అయ్యుండొచ్చు. ఎన్ని వచ్చాయో ఆ ఫంక్షన్ తిరిగిచ్చే నంబరే చెప్తుంది. 0 వస్తే అవతలివాళ్లు కనెక్షన్ మూసేశారని, మైనస్ 1 వస్తే ఎర్రర్ అని. మిగిలిన 4059 బైట్లలో అంతకుముందున్న పాత సరుకే ఉంటుంది. చివర సున్నా బైటు కూడా ఎవరూ పెట్టరు.

ఆ పాత సరుకు బయటికి పోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో లోకమంతా చూసింది. హార్ట్‌బ్లీడ్. దానికి రక్తం కారే గుండె బొమ్మతో లోగో కూడా గీశారు, బగ్‌కి లోగో ఏంటో మరి! ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సీ లైబ్రరీలో హార్ట్‌బీట్ అని ఒక చిన్న మెసేజ్ ఉండేది: "ఉన్నావా?" అని అడిగితే, పంపిన డేటానే తిరిగి పంపాలి. అందులో రకానికి 1 బైటు, పొడవుకి 2 బైట్లు, ఆ తర్వాత డేటా, చివర కనీసం 16 బైట్ల ప్యాడింగ్. తిరిగి పంపేందుకు కాపీ చేసేటప్పుడు లైబ్రరీ నిజంగా ఎన్ని బైట్లు వచ్చాయో చూడలేదు, అవతలివాడు రాసిన పొడవునే నమ్మేసింది. పది రూపాయల నోటు ఇచ్చి "అయిదొందలు ఇచ్చానన్నా" అంటే, నోటు చూడకుండా చిల్లర లెక్కపెట్టి ఇచ్చినట్టు.

2 బైట్లలో 65,535 దాకా రాయొచ్చు. అంటే ఒక్క మెసేజ్‌కి దాదాపు 64 కిలోబైట్ల పక్క మెమరీ బయటికి. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, కుకీలు ఉండొచ్చు, సర్వర్ ప్రైవేట్ కీ కూడా ఉండొచ్చు. మామూలు లాగ్‌లలో జాడ కూడా ఉండదు. కెనడా పన్నుల శాఖ నుంచి దాదాపు 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు పోయాయి. ఫోన్లు కూడా తప్పించుకోలేదు, ఆండ్రాయిడ్ 4.1.1లో ఇదే లోపం. 1.0.1జీ వెర్షన్‌లో వచ్చిన రిపేరు ఎంతంటే, 1+2+పొడవు+16 కలిపితే వచ్చినదానికన్నా ఎక్కువైతే మెసేజ్‌ని పారేయడం.

లిబ్‌ఈవెంట్‌లోని ఈవీబఫర్ లాంటివి నిండిన లెక్క తామే ఉంచుకుంటాయి. 40 బైట్లే ఉన్నప్పుడు మీరు 65,535 అడిగినా 40 ఇచ్చి, 40 ఇచ్చానని చెప్తాయి. అయినా మెసేజ్‌లోని పొడవుని చెక్ చేసే పని మీదే. టీసీపీలో మెసేజ్ ముక్కలుగా వస్తుంది కాబట్టి, ముందు ఆ పొడవు మీరు పెట్టుకున్న పరిమితి దాటిందా చూడండి, దాటితే కనెక్షన్ కట్ చేయండి. దాటకపోతే అన్ని బైట్లూ చేరేదాకా ఆగి, అప్పుడే బఫర్లోంచి తీయండి. ఆ లూప్ ఇప్పుడు స్క్రీన్ మీద రాద్దాం.