ఏడు వైరస్‌లు, ఒక్క సూది

క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. సారపాకలో ఎవరింట్లో వచ్చినా పళ్లెం, గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు. కానీ కొన్ని క్యాన్సర్లకు దారి తీసే వైరస్‌లు మాత్రం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. మనుషుల్లో అలాంటివి ఏడు అని శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. వాటి చరిత్రలో మన వంతెన అవతలి భద్రాచలానికి పెద్ద చోటుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను, ముందు కొన్ని వింతలు.

అతి సుదీర్ఘమైన నిరీక్షణ

1909లో ఒక రైతు గడ్డ లేచిన కోడిపెట్టను న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు పట్టుకెళ్లాడు. అక్కడి పేటన్ రౌస్ ఆ గడ్డను నూరి, కణాలు దూరలేనంత సన్నని వడపోత గుండా తీసి, ఆ రసాన్ని మరో కోడికి ఎక్కించాడు. దానికీ గడ్డ లేచింది. 1911లో ఈ సంగతి ప్రకటిస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. నోబెల్ బహుమతి 1966లో వచ్చింది, అంటే 55 ఏళ్ల తర్వాత. అప్పటికి ఆయనకు 87 ఏళ్లు. వైద్యంలో నోబెల్ అందుకున్నవారిలో అంత పెద్ద వయసువాళ్లు మరెవరూ లేరు.

కొమ్ముల కుందేళ్లు

అమెరికా పల్లెల్లో కుందేళ్లకు కొమ్ములుంటాయని వేటగాళ్లు చెప్పుకునేవాళ్లు. 1933లో రిచర్డ్ షోప్ ఆ కొమ్ములను పరీక్షిస్తే అవి వైరస్ వల్ల పెరిగిన పులిపిర్లని తేలింది. మనుషుల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీకి ఆ వైరస్ దగ్గరి చుట్టం.

మనుషుల్లో మొదట దొరికింది

ఉగాండాలో పిల్లల దవడలు వాచిపోయే ఒక క్యాన్సర్‌ను డాక్టర్ డెనిస్ బర్కిట్ గుర్తించాడు. అక్కడి నుంచి లండన్‌కు పంపిన గడ్డ ముక్కలోని కణాలను పెంచి, 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే వైరస్ కనిపించింది. ఈ ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రపంచంలోని పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఉంది. చాలామందికి ఏ హానీ చెయ్యదు. ఆఫ్రికాలో కొందరు పిల్లల్లో మాత్రం మలేరియా తోడై క్యాన్సర్‌కు దారి తీస్తోంది. ఆ పిల్లల గడ్డలను కరిగించడానికి బర్కిట్ వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చిన మందు.

అతి చిన్నది, అతి మొండిది

మనిషి జన్యువుల్లో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే హెపటైటిస్ బి వైరస్‌లో ఉన్నవి దాదాపు 3,200 మాత్రమే. అంత చిన్నదే కాలేయాన్ని పట్టుకుని క్యాన్సర్ దాకా తీసుకుపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదుగురిలో అదే పోతుంది. పురిట్లో తల్లి నుంచి బిడ్డకు సోకితే పదింట తొమ్మిది సార్లు జన్మంతా ఉండిపోతుంది. అందుకే టీకా మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపే వేస్తారు. క్యాన్సర్‌ను ఆపిన మొదటి టీకా ఇదే. 1984లో పసిపిల్లలకు వెయ్యడం మొదలుపెట్టిన తైవాన్‌లో పిల్లల కాలేయ క్యాన్సర్లు బాగా తగ్గాయి. మన దేశంలో విదేశీ టీకా సామాన్యుడికి అందని ధరలో ఉన్న రోజుల్లో, నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో షాన్‌వాక్-బి తెచ్చారు. జన్యు ఇంజినీరింగ్‌తో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అది. తల్లి శాంతమ్మ పేరే కంపెనీకి పెట్టుకున్నారు. తెలుగువాళ్లం ఇంకా గట్టిగా చెప్పుకోవాల్సిన ఘనత ఇది.

ఒకే జంట, రెండు వైరస్‌లు

ఏడింటిలో రెండింటిని కనిపెట్టింది యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అనే భార్యాభర్తలు, 1994లో ఒకటి, 2008లో ఒకటి. ఏడింటిలో ఆఖరున దొరికింది ఆ రెండోదే.

చావని కణాలు

హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి అమెరికన్ తల్లి 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమెను అడక్కుండా తీసిన గడ్డలోని కణాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో హెచ్‌పీవీ 18వ రకం ఉందని తర్వాత తేలింది. ఈ జబ్బుకు హెచ్‌పీవీయే కారణమని చూపిన హెరాల్డ్ త్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు.

ఈ వైరస్ సోకినవాళ్లలో చాలామందికి ఒకటి రెండేళ్లలో తనంతట తానే పోతుంది. పోకుండా నిలిచిపోయినప్పుడు దాని డీఎన్ఏ ముక్కలై మన డీఎన్ఏలో అతుక్కోవచ్చు. అప్పుడు దాని ఇ6 ప్రోటీన్ మన కణంలోని పీ53ని నాశనం చేస్తుంది. చెడిపోయిన కణాన్ని ఆపేది, అవసరమైతే చంపేది ఆ పీ53యే. ఇ7 అనే మరో ప్రోటీన్, కణం ఎడాపెడా రెండుగా చీలకుండా పట్టి ఉంచే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనికిరాకుండా చేస్తుంది. అంతా జరిగి క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. నాకు అన్నిటికన్నా వింతగా తోచేది ఇది: క్యాన్సర్ వల్ల వైరస్‌కు ఒరిగేదేమీ లేదు. డీఎన్ఏ అలా అతుక్కుపోయాక ఆ కణం నుంచి కొత్త వైరస్‌లు పుట్టవు.

భద్రాచలంలో ఆగింది, ప్రపంచానికి పనికొచ్చింది

2009 జులైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వెయ్యడం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు ఇది. మన జిల్లాలో దాదాపు 14 వేల మందికి సూది పడింది. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది.

తర్వాత కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాయి. మహిళా సంఘాలు ఊళ్లు తిరిగి వివరాలు సేకరించాయి, ఆందోళన పెరిగింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ అనుమతి పత్రాలు చూస్తే 9,543లో 2,763 మీద తల్లిదండ్రుల సంతకాలకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 1,948 మీద వేలిముద్రలున్నాయి. ఆ వేలిముద్రలు వేసినవాళ్లకు ఎవరు ఏం చదివి వినిపించారో ఆ పత్రాలు చెప్పవు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. మంచిది కాబట్టి కన్నవాళ్లను అడక్కపోయినా ఫర్వాలేదన్న ధోరణి మాత్రం అన్యాయం. గోండు పిల్లకైనా కోయ పిల్లకైనా అడిగించుకునే హక్కు హైదరాబాద్ పిల్లకు ఉన్నంతే ఉంది.

అదే సమయంలో దేశంలోని ఇతర చోట్ల వేరే అధ్యయనం ఒకటి నడుస్తోంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది దాని ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నడిపిన ఆ అధ్యయనంలో సుమారు 17,700 మంది ఆడపిల్లలున్నారు. ఇక్కడి గొడవతో హెచ్‌పీవీ టీకా అధ్యయనాలన్నిటి మీదా కేంద్రం పెట్టిన నిషేధం వల్ల అక్కడా సూదులు ఆగిపోయాయి. దాదాపు 4,950 మందికి ఒక్క డోసే పడింది. అధ్యయనం పాడైపోయిందనుకోకుండా పరిశోధకులు ఆ పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. 2021లో పదేళ్ల లెక్క బయటికొచ్చింది. 16, 18 రకాల వైరస్ ఒంట్లో నిలిచిపోకుండా ఒక్క డోసు ఇచ్చిన రక్షణ 95 శాతం, రెండు మూడు డోసులతో సమానం. ఈ లెక్క, కెన్యాలాంటి చోట్ల వచ్చిన ఫలితాలు కలిపి చూసి, చిన్నవయసు వాళ్లకు ఒక్క డోసు సరిపోవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రెండు మూడుసార్లు వేసే ఖర్చు భరించలేని పేద దేశాలకు దాంతో దారి దొరికింది.

మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వస్తోంది. ఆనాటి ఖమ్మం పిల్లలు ఇప్పుడు ముప్పై దరిదాపుల్లో ఉన్నారు. టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు కాబట్టి, వేయించుకున్నవాళ్లు కూడా ముప్పై దాటాక పరీక్ష చేయించుకోవాలి. పలచటి వెనిగర్ లాంటి ద్రావణం గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక్క నిమిషం ఆగి, తెల్ల మచ్చ తేలుతుందేమో చూడటమే పరీక్ష. ముంబయి బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనంలో ఈ పరీక్ష మరణాలను 31 శాతం తగ్గించింది. చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో క్యాన్సర్ పరీక్షలను కూడా చేర్చి, దానికి మంగళవారాలు కేటాయించారు.