ఒంటిగంట ఆట... హౌస్‌ఫుల్!

సినిమా పత్రికలో పనిచేసేవాడికి అన్నిటికన్నా పెద్ద సమస్య ఏమిటో చెప్పుకోండి చూద్దాం. హీరోగారి ఇంటర్వ్యూ దొరకడమా? ఉహూఁ! హీరోయిన్‌గారి పెళ్ళివార్త నిజమో పుకారో తేల్చుకోవడమా? అబ్బే! మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడ తినాలి? ఇదండీ అసలు సమస్య! ఇంటర్వ్యూ ఇవాళ కాకపోతే రేపు. ఆకలి వాయిదా పడదుగా!

మా ఆఫీసు హైదరాబాదులో యూసుఫ్‌గూడకీ కృష్ణానగర్‌కీ మధ్య ఒక సందులో ఉంది. కృష్ణానగర్ అంటే మీకు వేరే చెప్పాలా? ఒకప్పుడు సినిమా పిచ్చి పట్టిన కుర్రాడు మద్రాసు రైలెక్కి కోడంబాకం చేరేవాడు. ఇప్పుడు కృష్ణానగర్‌లో దిగుతున్నాడు. ఒకవైపు అన్నపూర్ణా స్టూడియో, ఇంకోవైపు అమీర్‌పేట దారిలో సారథీ స్టూడియో. 1959లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ని ఆ సారథిలోనే తీశారు. పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగు సినిమాగా దాన్ని చెప్పుకుంటారు. ఈ రెండు స్టూడియోల నడుమ ఇరుకు గదుల్లో లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు, రేపటి హీరోలు, ఎల్లుండి దర్శకులు! ఇంతమంది బతికేచోట తిండికి కరువేమిటి అనుకున్నాను, ఉద్యోగంలో చేరిన కొత్తలో. అక్కడే పప్పులో కాలేశాను. (అసలు పప్పు దొరకడానికి మాత్రం చాలా రోజులు పట్టింది!)

మూడు ఫ్లాపులు

మొదటి ప్రయోగం – ఆఫీసు ఎదురుగా ఉన్న హోటలు. అన్నం మల్లెపువ్వులా ఉంది. తిన్న అరగంటకి పొట్ట ఫుట్‌బాలు. సాయంత్రం దాకా కుర్చీలో అటూ ఇటూ దొర్లడమే తప్ప ఒక్క పేజీ రాస్తే ఒట్టు!

రెండో ప్రయోగం – ఏసీ రెస్టారెంటు. లోపల చీకటి. కంచంలో ఏముందో కనబడదు, బిల్లు మాత్రం స్పష్టంగా కనబడింది. ఆ బిల్లుతో మా ఊళ్ళో చిన్నసైజు సంతర్పణ చెయ్యచ్చు.

మూడోది – ఫోనులో ఆర్డరు. వరసగా పదిరోజులు బిర్యానీ తెప్పించుకున్నాను. పదకొండోనాడు ఆ పొట్లం విప్పుతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి. మసాలా ఘాటుకి కాదండోయ్... అమ్మ పెట్టే చారన్నం గుర్తొచ్చి!

అలా మూడు సినిమాలూ ఢమాల్‌మన్న నిర్మాతలా తిరుగుతుండగా ఒకరోజు షూటింగు కవరేజికి వెళ్ళాను. సరిగ్గా ఒంటిగంటకి బ్రేక్ చెప్పారు. పక్కన లైట్ దించుతున్న ఒకాయన నా మొహం చూసి, “ఏం తమ్మీ, తిన్నవా లేదా?” అన్నాడు. లేదన్నాను. ఆరోజు కంపెనీ భోజనంలో ఆయన నాక్కూడా ఇంత పెట్టించాడు. తింటూ నా కష్టాలన్నీ విన్నాడు. “రేపు నాకు షూటింగ్ లేదు. మీ ఆఫీసు కాడికొస్త. ఒక జాగ చూపిస్త. బోర్డుండదు, భోజనముంటది” అన్నాడు.

అదండీ నా కథలో టర్నింగ్ పాయింటు!

బోర్డులేని బొమ్మ

మర్నాడు ఆయన వెనకాల రెండు సందులు తిరిగి, ఒక పాత ఇంటి మెట్లెక్కాను. పైన రేకుల షెడ్డు. నాలుగు పొడుగు బల్లలు. గోడమీద దేవుడి పటం పక్కన పాత సినిమా కేలండరు. వంటింట్లోంచి పోపు వాసన! ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ... ఆ ముగ్గురూ కలిసి నటిస్తే ఫ్లాపు ఎక్కడుంది?

మెస్సు నడిపేది తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. అందరికీ ‘పిన్నిగారు’. బాబాయిగారు ఒకప్పుడు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ పని చూసినాయన. ఇప్పుడు మజ్జిగ డిపార్టుమెంటు ఆయనది.

ఇక మెనూ వినండి. ముందు ముద్దపప్పు, దానిమీద ఆవకాయ, ఆపైన ఒక గరిటెడు నెయ్యి. బెండకాయ వేపుడో, దొండకాయ కూరో. గోంగూర పచ్చడి వారానికి రెండు రోజులు తప్పదు. తర్వాత ములక్కాడ పులుసు. తర్వాత చారు. చివర గడ్డపెరుగు, ఊరమిరపకాయ. కావలసినంత అన్నం. నూట పది రూపాయలు. మొదటిరోజు నేను తిన్న తీరు చూసి బాబాయిగారు, “1957లో ‘మాయాబజార్’లో రంగారావుగారు తిన్నారు మళ్ళీ ఇలాగ!” అన్నారు. ఘటోత్కచుడితో పోల్చినందుకు నేను నొచ్చుకోలేదు. ఇంకాస్త పులుసు పోయించుకున్నాను.

అన్నట్టు, మీ ఆఫీసు దగ్గర కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. పట్టుకోవడం ఎలాగంటారా? నా అనుభవంతో నాలుగు గుర్తులు చెబుతాను, రాసుకోండి.

ఒకటి – బయట ఎవరి బళ్ళు ఆగి ఉన్నాయో చూడండి. ఆటోలు ఆగిన చోట తిండి చవకగానూ ఉంటుంది, కడుపు నిండానూ ఉంటుంది. రెండు – పన్నెండున్నరకి వెళ్ళండి. అన్నం అప్పుడే వారుస్తుంటే ఆగండి. చల్లారిపోయిన అన్నం కనిపిస్తే మెట్లు దిగెయ్యండి. మూడు – చారు రుచి చూడండి. కూరలో నూనె పోసి మోసం చెయ్యచ్చు, పచ్చట్లో కారం కొట్టి మోసం చెయ్యచ్చు. చారుతో మాత్రం కుదరదు. నాలుగు – వండినవాళ్ళు అదే వంట తింటున్నారా లేదా? మా పిన్నిగారు మూడింటికి అందరూ వెళ్ళాక అదే కూర, అదే చారు వేసుకుని కూర్చుంటారు. ఇంతకన్నా సెన్సారు సర్టిఫికెట్ ఏం కావాలి!

ఖాతా పుస్తకం

గోడమీద ఫోను చూపిస్తే డబ్బు కట్టించుకునే బోర్డు ఒకటి ఉంది. దాని కింద మేకుకి ఒక పొడుగు పుస్తకం వేలాడుతూ ఉంటుంది. అసలు కథ ఆ పుస్తకంలో ఉంది.

సినిమా వాళ్ళ తిండి సంగతి విచిత్రంగా ఉంటుంది. షూటింగు ఉన్నరోజు పొద్దున టిఫిను దగ్గర్నుంచి కంపెనీయే చూసుకుంటుంది. షూటింగు లేని రోజు కూలీ లేదు, కంపెనీ అన్నమూ లేదు. జేబు ఖాళీగా ఉన్నరోజునే భోజనం కొనుక్కోవాలన్నమాట! అలాంటి రోజులన్నీ ఆ పుస్తకంలో చేరుతాయి. పేరు పక్కన గీతలు. పనిదొరికిన నెల కొట్టేస్తారు.

మా బల్ల దగ్గర రోజూ నా పక్కన కూర్చునే మిత్రుడొకడు ఉన్నాడు. అసిస్టెంట్ డైరెక్టరు. రాజమండ్రి దగ్గరి ఊరు. పచ్చడి కలుపుకుంటూ కథ చెప్పాడంటే మన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. అతను పనిచేస్తున్న సినిమా మూడో షెడ్యూలులో ఆగిపోయింది. నిర్మాత ఫోనెత్తడం మానేశాడు. పుస్తకంలో మావాడి గీతలు పేజీ దాటాయి.

ఒకరోజు మెస్సు నిండా జనం. అతను చెయ్యి కడుక్కుని పుస్తకంలో గీత పెడుతుంటే నేను గట్టిగా అన్నాను: “మన డైరెక్టరుగారి మొదటి సినిమా ఈ పుస్తకంలోనే రిలీజయ్యేట్టుంది. అప్పుడే పద్నాలుగు రీళ్ళయింది!”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పెన్ను జాగ్రత్తగా పుస్తకంలో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే, “తినేశాను బ్రదర్, మా రూమ్మేటు వండాడు” అన్నాడు. నాలుగోరోజు మెయిన్‌రోడ్డు మీద టీకొట్టు దగ్గర చూశాను. ఒక చేతిలో టీ, ఒక చేతిలో బన్ను. కళ్ళు మాత్రం మా సందు వైపు ఉన్నాయి.

1987లో జంధ్యాలగారు తీసిన ‘అహ నా పెళ్ళంట’లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సీను మీకు గుర్తుందిగా? ఎన్నిసార్లు చూసినా పడీపడీ నవ్వినవాణ్ణి నేను. ఆరోజు టీకొట్టు దగ్గర ఆ సీనే గుర్తొచ్చింది. నవ్వు రాలేదు. అతనికి కనబడకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

పిన్నిగారి డైలాగు

మధ్యాహ్నం అందరూ వెళ్ళేదాకా ఆగి, “పిన్నిగారూ, అతని ఖాతా ఎంతో చెప్పండి, నేను కట్టేస్తాను” అన్నాను. చాలా గొప్ప పని చేస్తున్నాననే అనుకున్నాను.

ఆవిడ కంచంలోంచి తలెత్తలేదు. “నువ్వు కడితే వాడిక నీ మొహమూ చూడడు, నా మొహమూ చూడడు. డబ్బు కోసం నేను కబురు పెట్టానా వాడికి?” అన్నారు. తర్వాత మెల్లిగా అడిగారు: “అబ్బాయ్, పోయిన దసరా ముందు నువ్వు బండి కొనుక్కుని, నెలంతా ఈ పుస్తకంలోనే తిన్నావు గుర్తుందా? ఆ సంగతి నేను ఈ బల్లల దగ్గర ఎవరితోనైనా అన్నానా?”

గుర్తుంది. ఇరవై మూడు గీతలు. అప్పుడు ఎవరూ చూడకుండా గీత పెట్టడానికి నేను కావాలని ఆలస్యంగా వచ్చేవాణ్ణి! ఎంత తొందరగా మర్చిపోయాను!

ఆ రాత్రి అతని గదికి వెళ్ళాను. “తప్పయిపోయింది” అన్నాను. “ఛ, జోకేగా బ్రదర్! అయినా నువ్వన్నది నిజమేగా” అన్నాడు. ఆ ‘నిజమేగా’ మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నా ఇరవై మూడు గీతల సంగతి చెప్పాను. అతను ఆశ్చర్యంగా చూశాడు. “నువ్వా?” అన్నాడు. “నేనే!” అన్నాను. మర్నాడు మెస్సులో, నవ్వినవాళ్ళందరి ఎదుటా కూడా అదే చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్కబల్ల దగ్గరున్న డాన్సర్ కుర్రాడు, “నావి అరవై ఒకటి అన్నా” అన్నాడు, పప్పు వడ్డించుకుంటూ.

రెండురోజుల తర్వాత, జనం పలచబడ్డాక, రెండుంబావుకి మావాడు మెట్లెక్కి వచ్చాడు. చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. పిన్నిగారు వచ్చి కంచం పెట్టి, పప్పు వేసి, ఎప్పటికన్నా ఎక్కువ నెయ్యి వేసి అడిగారు:

“ఏం నాయనా, ఊరెళ్ళొచ్చావా?”

“అవునండీ పిన్నిగారూ.”

“అమ్మావాళ్ళు బాగున్నారా?”

“బాగున్నారండీ.”

అంతే! ఎంతమంది రచయితలు కూర్చుంటే రాయగలరండీ అలాంటి డైలాగు!

అడ్రసా? అబ్బే!

ఇప్పుడు మావాడు ఒక చిన్న సినిమాకి పనిచేస్తున్నాడు. షూటింగు లేని రోజున మళ్ళీ నా పక్కనే కూర్చుంటున్నాడు. గీతల్లో సగం కొట్టేశాడు. మిగతా సగం ఉన్నాయి. “మొత్తం తీర్చెయ్యవయ్యా” అంటే, “ఉండనీ బ్రదర్, తీర్చెయ్యాల్సింది ఒకటుంటే పొద్దున్నే లేవబుద్ధవుతుంది” అంటాడు.

ఇంతకీ ఆ మెస్సు అడ్రసు ఎక్కడ అని అడుగుతున్నారు కదూ? ఈ వ్యాసం రాస్తానని చెప్పి పిన్నిగారి అనుమతి అడిగాను. “రాసుకో, కానీ ఇల్లు మాత్రం చెప్పకు. నేను యాభైమందికే వండగలను. యాభై ఒకటో వాడు ఆకలితో వెనక్కి వెళితే ఆ పాపం నీది” అన్నారు. అంచేత చెప్పను. మీరు కృష్ణానగర్ వస్తే పన్నెండున్నరకి సందుల్లో నడవండి. ఇంగువ పోపు వాసన వచ్చిన చోట ఆగండి.

లోపలికెళ్ళాక గోడమీద పుస్తకం కనిపిస్తే, పక్కవాడి పేజీ మాత్రం చూడకండి.